మిగతా ప్రపంచానికి ఐదు నెలలు

రెండో ప్రపంచ యుద్ధం విశాఖపట్నానికి 1942 ఏప్రిల్ 6న వచ్చింది. ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు మన హార్బర్ మీదా, దగ్గర్లో ఉన్న ఓడల మీదా బాంబులేశాయి. హార్బర్ మొదలైంది 1933లో, అంటే దానికప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు. అదే రోజు కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ముందురోజు ఈస్టర్ ఆదివారం కొలంబో వంతు. ఆ కొద్ది రోజుల్లోనే అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచేసింది. విశాఖ జనం మూటాముల్లే సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పల్లెల్లో చుట్టాలున్న చోటికల్లా వెళ్ళిపోయారు. ఆ తర్వాత జపాన్ ఆ స్థాయిలో మళ్ళీ ఈ తీరానికి రాలేదు. వెళ్ళినవాళ్ళు మెల్లగా తిరిగొచ్చారు.

ఆ రోజు పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. దాని పక్కన నిలబడి ఫొటో దిగడం ఈ ఊరి పిల్లలకి మామూలే. ఇసుకలోంచి అప్పుడప్పుడూ బయటపడే కాంక్రీటు బంకరు కూడా ఆ కాలానిదే. గోడలు మందం, తుపాకీ పెట్టడానికి సన్నటి కన్నం. ఇప్పుడు సాయంత్రం పూట దాని మీద కూచుని కుర్రాళ్ళు రీల్స్ తీసుకుంటుంటారు.

ఇంతకీ విశాఖకి ఆ యుద్ధం ఎప్పుడు అయిపోయినట్టు? బాంబుల లెక్క చూస్తే మొదలైన రోజునే. పాఠ్యపుస్తకం లెక్కన 1945 సెప్టెంబరు 2. చట్టం లెక్కన ఇంకా ఆలస్యం: 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సంతకాలకి భారత్ వెళ్ళలేదు, జపాన్‌తో మన శాంతి ఒప్పందం విడిగా 1952 జూన్ 9న జరిగింది. ఆ తర్వాత పదేళ్ళయినా తిరక్కముందే, 1960లో, బైలదిల్లా ఇనప రాయిని జపాన్ ఉక్కు మిల్లులకి పంపే ఒప్పందం కుదిరింది. ఏ హార్బర్ మీద బాంబులేశారో ఆ హార్బర్ నుంచే.

ఒకే ప్రపంచ యుద్ధం ఒక్కో చోట ఒక్కో తేదీన ఎందుకు ఆగుతుందని ఎవరినడిగినా వచ్చే జవాబు ఒకటే: "అప్పట్లో వార్త చేరడానికి టైమ్ పట్టేది కదండీ." వినడానికి బాగుంటుంది, ఎవరి తప్పూ లేకుండా పోతుంది. నాకు మాత్రం ఇది సగం జవాబే, అందులోనూ చిన్న సగం. ప్రపంచ యుద్ధం ఒక్కో చోట ఒక్కోసారి ఆగేది ముఖ్యంగా వార్త ఆలస్యం వల్ల కాదు. ఆ చోటు గెలిచేవాడికి ఎంత అవసరం, ఓడేవాడికి ఎంత అవసరం అన్నదే అసలు లెక్క. ఎవరికీ తొందరలేని చోట యుద్ధం చివరిదాకా ఈడ్చుకుంటూనే ఉంటుంది.

హుద్‌హుద్ తర్వాత 2014లో ఊళ్ళో కరెంటు ఎలా తిరిగొచ్చిందో గుర్తున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తుఫాను అందరికీ ఒకే రోజు పోయింది. కరెంటు మాత్రం ముందు ముఖ్యమైన చోట్లకొచ్చి, ఆఖర్న మాలాంటి చివరి వీధులకొచ్చింది. సమాచారం అందక కాదు.

వార్తల వాదానికి అందరూ చూపించే బలమైన ఉదాహరణ మన తూర్పు తీరంలోదే, కడలూరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అంటే మనకి వాషింగ్టన్ గుర్తొస్తాడు గానీ, ఫ్రాన్స్ అందులో దిగాక అది ప్రపంచమంతా పాకింది. మన ఊరికీ తగిలింది. హైదర్ అలీ మీద పోరుకి మద్రాసు వెళ్ళడానికి ఓడెక్కమంటే, 1780 అక్టోబరులో విశాఖలోని కంపెనీ సిపాయిలు ఎక్కేది లేదని తుపాకులు తిప్పారు. (1857 గురించి అంత గట్టిగా మాట్లాడుకునే మనం, సొంత ఊళ్ళో దానికి డెబ్బై ఏడేళ్ళ ముందు జరిగిన తిరుగుబాటుని ఎంతమందిమి తలుచుకుంటామో!) ఆ యుద్ధానికి ప్రాథమిక ఒప్పందం యూరప్‌లో 1783 జనవరి 20న అయిపోయింది. కడలూరులో మాత్రం జూన్‌లో ఇంగ్లీషు సైన్యం కోట బయట, ఫ్రెంచి సైన్యం లోపల. జూన్ 13న నేల మీద ఘోరమైన పోరు. జూన్ 20న సముద్రం మీద ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్, ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్ నౌకాదళాలు తలపడితే చెరో వంద మంది దాకా చచ్చిపోయారు. జూన్ ఆఖర్న మద్రాసు నుంచి తెల్లజెండాతో ఒక ఓడ వార్త తెచ్చాక గానీ కాల్పులు ఆగలేదు. లోపల ఫ్రెంచివాళ్ళని నడిపిస్తున్న ముసలాయన ఎవరో తెలుసా? బుస్సీ. 1757లో విశాఖలో ఇంగ్లీషువాళ్ళ కొఠీని పట్టుకున్న ఆ బుస్సీయే.

ఇదంతా చదివి "పాపం, వార్త అందలేదు" అనుకోవడం తేలిక. కానీ ఒప్పందం రాసినవాళ్ళకి ఇది ముందే తెలుసు, రాసుకున్నారు కూడా. ఖరారు పత్రాలు మార్చుకున్న ఫిబ్రవరి 3 నుంచి లెక్క. ఇంగ్లీషు ఛానల్, ఉత్తర సముద్రాల్లో పన్నెండు రోజులు. అక్కణ్ణుంచి కెనరీ దీవుల దాకా నెల. భూమధ్యరేఖ దాకా రెండు నెలలు. ప్రపంచంలో మిగతా అన్ని చోట్లా ఐదు నెలలు. ఈ "మిగతా" అంటే మనమే. ఐదు నెలలంటే జూలై 3, కాబట్టి జూన్ 20 నాటి పోరు ఆ కాగితం ప్రకారం సక్రమమే. గడువులు పెట్టింది కూడా ఓడల కోసం. గడువు దాటాక పట్టుకున్న ఓడని సొంతదారుకి తిరిగిచ్చేయాలి. చచ్చినవాళ్ళ గురించి ఆ షరతులో మాట లేదు.

వార్త నెమ్మదిగా నడిచిన మాట నిజమే. ఆ నెమ్మదిని ముందుగా లెక్కగట్టి, ఎవరికి ఎన్ని రోజుల యుద్ధం మిగల్చాలో లండన్‌లోనూ పారిస్‌లోనూ కూచుని పంచిపెట్టారన్నదే నా అభ్యంతరం.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. యూరప్‌లో 1756 నుంచి 1763 దాకా నడిచిన సప్తవర్ష సంగ్రామం ఉత్తర సర్కారుల్లో 1759లోనే అయిపోయింది. పారిస్ సంతకాలకి నాలుగేళ్ళ ముందు! ఏ వార్తా రాలేదు, ఎవరూ ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగలేదు. మరెందుకు అయిపోయింది?

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. అది మనకి తాండ్ర పాపారాయుడి కథ, బుర్రకథల్లో విన్న కథ. ఫ్రెంచివాళ్ళకి మాత్రం సర్కారుల్లో వసూళ్ళ గొడవ. బుస్సీ సాయంతో బొబ్బిలిని నేలమట్టం చేసిన విజయనగరం విజయరామరాజు కొద్ది రోజులకే పాపారాయుడి చేతిలో పోయాడు. వారసుడు ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళంటే పడలేదు. విశాఖని వాళ్ళ చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి, దండు పంపండని కబురెట్టాడు. సరిగ్గా అప్పుడే లాలీ అనే కొత్త ఫ్రెంచి సేనాని, మద్రాసు పట్టుకోవాలన్న ఆత్రంతో బుస్సీని ఇక్కణ్ణుంచి వెనక్కి పిలిపించుకున్నాడు. ఫ్రాన్స్‌కి మద్రాసు ఎక్కువైంది, మనం తక్కువయ్యాం. బెంగాల్లో ఉన్న క్లైవ్‌కి మాత్రం ఈ తీరం కావాలి. ఫోర్డ్ అనే సేనానిని పంపించాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759 ఏప్రిల్లో బందరు కోట పడింది. అంతే. నిజాం సలాబత్ జంగ్ ఎటు గాలి వీస్తే అటు తిరిగి బందరు ప్రాంతం ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చేశాడు.

కెనడాలో మాంట్రియల్ 1760లో లొంగింది, పాండిచ్చేరి 1761 జనవరిలో. అప్పుడు స్పెయిన్ చేతిలో ఉన్న మనీలా మీదికి మాత్రం 1762లో, అంతా ముగింపుకొస్తున్న వేళ, మద్రాసు నుంచే ఓడలు బయల్దేరాయి. అక్టోబరులో పట్టుకున్నారు. ఆ సంగతి తెలియకుండానే పారిస్‌లో సంతకాలయ్యాయి. 1764లో స్పెయిన్‌కి తిరిగిచ్చేశారు. ఒకే యుద్ధం బందరులో ముగిసిన మూడేళ్ళకి మనీలాలో మొదలైందంటే, దాన్ని ఒకే యుద్ధం అనడమే నాకు అనుమానం. స్థానికంగా ఎవరి పగ వాళ్ళకున్న యుద్ధాలు కొన్ని. పైన రాజధానుల్లో వాటికొక పేరు పెట్టి ఒక దారానికి గుచ్చుతారు. దారం తెగే రోజు ఒకటే. పూసలు మాత్రం వేటి దోవన అవి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి, లేదా ఇంకా దొర్లుతూ ఉంటాయి.

మన కళ్ళముందు జరిగిన యుద్ధం చూద్దాం. 1971 ప్రపంచ యుద్ధం కాదు, అయినా ఈ విషయం అంత తేటగా ఇంకెక్కడా కనబడదు. విశాఖవాళ్ళకి 1971 అంటే ఘాజీ. డిసెంబరు 3 రాత్రి తెల్లారితే 4 అనగా, పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరం దగ్గర మునిగిపోయింది. బీచ్ రోడ్డు స్థూపం, ఏటా నేవీ డే విన్యాసాలు, అన్నీ ఆ యుద్ధానివే. అది ఎప్పుడు అయిపోయిందంటే మనవాళ్ళు తడుముకోకుండా డిసెంబరు 16 అంటారు. ఢాకాలో పాక్ సేనాని నియాజీ లొంగుబాటు సంతకం పెట్టిన రోజు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉంటారు, నేవీలో చేసి రిటైరయ్యారు. అందరం నేవీ మావయ్యగారంటాం. శ్రీకాకుళం జిల్లావాళ్ళు, ఆ పల్లెల్లో ఇంటికొకరు ఫౌజులో ఉండటం మామూలే. 1971లో ఆయన ఇక్కడ నేవల్ బేస్‌లో, వాళ్ళ అన్నయ్య పదాతిదళంలో, పడమటి సరిహద్దున షకర్‌గఢ్ వైపు. "పదహారో తారీకు సాయంత్రం రేడియోలో చెప్పగానే ఊరంతా కేకలు, టపాకాయలు. మా అమ్మ మాత్రం అన్నం ముట్టలేదు నాయనా," అన్నారు ఓసారి. "చిన్నోడి యుద్ధం అయిపోనాది, పెద్దోడిది అవనేదు కదా అని కూచుంది." ఆవిడ లెక్క నూటికి నూరుపాళ్ళు రైటు. పడమటి సరిహద్దులో కాల్పులు ఆగింది మర్నాడు, డిసెంబరు 17 రాత్రి ఎనిమిదింటికి. అక్కడి బసంతర్ నది దగ్గర 17న కూడా భీకరమైన ఎదురుదాడి జరిగింది. మేజర్ హోషియార్ సింగ్‌కి పరమవీర చక్ర వచ్చిన పోరు అదే.

రెండు వైపులా రేడియోలున్నాయి, టెలిఫోన్లున్నాయి. వార్త ఆలస్యం కాలేదు. తేడా ఎక్కడుందంటే, తూర్పున పాక్ సైన్యానికి వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. మూడు వైపులా భారత సైన్యం, సముద్రం వైపు విక్రాంత్, చుట్టూ తమని ద్వేషించే జనం. అలాంటి చోట సైన్యం లొంగిపోతుంది. పడమట ఎవరి నేల మీద వాళ్ళు, వెనక ఎవరి ఊళ్ళు వాళ్ళకి. అక్కడ లొంగిపోయే ప్రసక్తే లేదు. ఇక చాలని ఢిల్లీ ఏకపక్షంగా కాల్పులు ఆపుతానంది, ఇస్లామాబాద్ ఒప్పుకుంది. ఒకటి లొంగుబాటు, ఇంకొకటి కాల్పుల విరమణ. రెండూ వేర్వేరు కారణాలతో వస్తాయి కాబట్టి వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఒకే రోజు పడ్డాయంటే అది కాకతాళీయం.

చుట్టుముట్టి దారి మూసేస్తే యుద్ధం తొందరగా అయిపోతుందనుకుంటే, దానికీ ఎదురు సాక్ష్యం ఉంది. అండమాన్.

మన హార్బర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఓడ వెళ్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు బోలెడుమంది. ఆ దీవుల్ని జపాన్ 1942 మార్చిలో పట్టుకుంది. 1943 ఆఖర్న వాటిని తిరిగి తీసుకోవడానికి మిత్రరాజ్యాలు బక్కనీర్ అనే పేరుతో ఒక దాడికి పథకం వేశాయి. చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కి మాట కూడా ఇచ్చారు. డిసెంబరుకల్లా రద్దు చేశారు. సైన్యాన్ని ఒడ్డుకి దించే పడవలు యూరప్‌లో కావాలన్నారు. అంటే ఫ్రాన్స్ తీరం ముందు, అండమాన్ తర్వాత. తర్వాత అంటే ఎప్పుడో కాదు, అన్నీ అయ్యాకే. దీవిలోని జపాన్ దండు ఎక్కడికీ పోలేదు, ఎవరూ దాని మీదికి రాలేదు. తిండి తగ్గిపోయింది, గూఢచారులంటూ జనాన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. 1945 ఆగస్టులో, అక్కడ టోక్యోలో ఓటమి ఖాయమైపోతున్న రోజుల్లో, వందల మందిని పడవలెక్కించి హేవ్‌లాక్ వైపు తీసుకెళ్ళి సముద్రంలోకి తోసేశారు. బతికినవాళ్ళు బహు కొద్దిమంది.

చక్రవర్తి హిరోహిటో ఆగస్టు 15న రేడియోలో చెప్పేశాడు. వార్త క్షణాల్లో ప్రపంచమంతా తెలిసింది. ఇక్కడితో "వార్త చేరలేదు" అన్న వాదం పూర్తిగా చచ్చిపోవాలి. అయినా ఏం జరిగింది? కురిల్ దీవుల్లో షుమ్షు మీద సోవియట్ దళాలు దిగింది ఆగస్టు 18న, ఆ తర్వాత రోజుల తరబడి పోరాటం. ఆగ్నేయాసియాలో ఓటమే ఎరగని సేనానులు వింటారో వినరోనని, మాట వినమని చెప్పడానికి చక్రవర్తి తన కుటుంబంలోని రాకుమారుల్ని సైగాన్, సింగపూర్, చైనా, మంచూరియాలకి పంపాల్సొచ్చింది. ఇటు అమెరికా సేనాని మెకార్థర్, టోక్యో అఖాతంలో తన సంతకం అయ్యేదాకా ఇంకెక్కడా లొంగుబాటు తీసుకోకూడదని ఉత్తర్వేశాడు. మౌంట్‌బాటెన్ నౌకాదళం మలయా ఒడ్డుకొచ్చి కూడా ఆగాల్సొచ్చింది. సింగపూర్‌లో లొంగుబాటు సెప్టెంబరు 12. పోర్ట్ బ్లెయిర్‌కి భారత సైనికులతో ఓడలొచ్చి దండు లొంగింది అక్టోబరులో. రేడియోలో చెప్పిన దాదాపు రెండు నెలలకి. 1783లో ఐదు నెలలు, 1945లో రెండు. టెక్నాలజీ మనకి మిగిల్చిన లాభం ఆ మూడు నెలలు.

యూరప్‌లోనూ ఇదే తంతు. ఇంగ్లీషు ఛానల్ దీవుల్లోని జర్మన్ దండుని మిత్రరాజ్యాలు పక్కన వదిలేసి ముందుకెళ్ళిపోయాయి, పారిస్ విముక్తమైన ఎనిమిది నెలలకి, 1945 మే 9న అది లొంగింది. ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ ఇంకా రెండు రోజులు ఆలస్యం. కాబట్టి చుట్టుముట్టడం ముఖ్యం కాదు. చుట్టుముట్టినవాడికి ఆ చోటు కావాలా అక్కర్లేదా అన్నది ముఖ్యం. ఢాకా కావాలి, పదమూడు రోజుల్లో అయిపోయింది. అండమాన్ అక్కర్లేదు, మూడున్నరేళ్ళు పట్టింది.

సేనానుల మొండితనం సంగతేంటి అంటారా? ఉంది, కాదనను. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ఆగితే, తూర్పు ఆఫ్రికాలో లెట్టో ఫోర్బెక్ అనే జర్మన్ నవంబరు 25న గానీ ఆయుధాలు దించలేదు. మదీనాలో టర్కీ సేనాని ఫక్రీ పాషా, సొంత ప్రభుత్వం అక్టోబరులోనే సంధి చేసుకున్నా, 1919 జనవరి దాకా కోట వదల్లేదు. ఇలాంటి కథలు జనానికి ఇష్టం, ఫిలిప్పీన్స్ అడవిలో 1974 దాకా దాక్కున్న జపాన్ సైనికుడు ఒనోడా కథ మరీనూ. కానీ మదీనాని ఎవరూ నేరుగా వచ్చి పట్టుకోలేదన్నది ఎవరూ చెప్పరు. అరబ్బులూ వాళ్ళ ఇంగ్లీషు సలహాదారులూ దాన్ని అలా వదిలేయడమే లాభమనుకున్నారు. వేల మంది టర్కీ సైనికులు ఒక రైలు దారిని కాచుకుంటూ అక్కడే పడి ఉంటారు, ఇంకెక్కడికీ రారు. పాషా మొండితనానికి వాళ్ళ లెక్క సాయపడింది.

ఇంకో చిక్కుంది. ఒక చోట యుద్ధం అయిపోయిందని ప్రకటించినవాడు, అక్కడివాళ్ళ గొడవ తీరిందా అని అడగడు. 1945 ఆగస్టు 17న సుకర్ణో ఇండోనేసియా స్వతంత్రం అని ప్రకటించాడు. జపాన్ లొంగుబాటు తీసుకోవడానికని అక్కడికి పంపింది ఎవర్ని? ఎక్కువగా భారత సైనికుల్నే. ఉన్నవాళ్ళని పంపేసి, వెళ్ళిపోయిన డచ్చివాళ్ళని మళ్ళీ గద్దెక్కించే పనిలా తయారైంది అది. అక్టోబరు ఆఖర్న సురబయలో బ్రిటిష్ బ్రిగేడియర్ మలాబీ చనిపోయాడు, నవంబరు 10న ఆ నగరం మీద పెద్ద దాడి మొదలైంది. వీధి వీధికీ పోరాడింది 5వ భారత డివిజన్. ఆ డివిజన్ అప్పటికే ఆఫ్రికా నుంచి ఇంఫాల్ దాకా, బర్మా దాకా అన్నీ చూసొచ్చింది. స్వరాజ్యం కోసం లేచినవాళ్ళ మీద మేమెందుకు కాల్చాలని కొందరు తుపాకీతో సహా అవతలి పక్షానికి వెళ్ళిపోయారు. సైగాన్‌లో 20వ భారత డివిజన్‌దీ ఇలాంటి పనే, అక్కడైతే ఓడిపోయిన జపాన్ సైనికుల చేతికే తుపాకులిచ్చి కాపలా పెట్టారు.

ఇండోనేసియా నుంచి ఆ సేనలు పూర్తిగా బయటికొచ్చింది 1946 నవంబరు ఆఖరుకి. మన పుస్తకాల లెక్కన యుద్ధం అయిపోయి అప్పటికి ఏడాది దాటింది.